ఆముదం తాగిన రంపం

పోయిన నెల గాలివానకు ఆత్మకూరులో మా వీధి మొగదల ఉన్న తురాయి చెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలి దారికి అడ్డంగా పడింది. మర్నాడు పొద్దున ఇద్దరు కుర్రాళ్ళు చేతిలో పట్టే రంపం మిషను ఒకటి తెచ్చి కొయ్యడం మొదలుపెట్టారు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని రాగిజావ తాగుతున్నాను. ఆ శబ్దం చెవిన పడగానే గ్లాసు కింద పెట్టేశాను. మా కోడలు "ఏందత్తా, యాడికి?" అంటూనే ఉంది, నేను మోకాలి నొప్పి సంగతి మరిచి గేటు దాటేశాను. చిన్నప్పటి నుంచీ నాకు కుదురు లేదని పేరు. కాలుగాలిన పిల్లి అని మా అవ్వ పెట్టిన పేరు ఎనభై దాటినా పోలేదు. మిషను పట్టుకున్న అబ్బాయి పక్కన నిలబడి, "నాయనా, దానికి పెట్రోలు చాలడం ల్యా. గాలి తాగి అరస్తా ఉండాది. ఆ స్క్రూ రవ్వంత వెనక్కి తిప్పు," అన్నాను. వాడు నన్నూ, నా చేతికర్రనూ చూసి, "పొట్టు కంట్లో పడతాది, లోపలికి పో అవ్వా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. నేను లోపలికి వచ్చాను గాని ఆ పూట నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. పుస్తకం పట్టుకుంటే చూపు ఒక్క పంక్తి దాటడం లేదు. ఎక్కడో కోస్తున్నట్టే ఉంటుంది. రాస్తే అన్నా తగ్గుతుందేమోనని ఇది మొదలుపెట్టాను.

మా ఇల్లు ఉదయగిరిలో, కొండ కిందే. నాయన కూపు కాంట్రాక్టరు. అడవిలో ఏటా ఒక ముక్కను కొట్టుకోమని సర్కారు గుత్తకిచ్చేది, దాన్నే కూపు అనేవాళ్ళు. తెల్లారకముందే ఎద్దులబండి కట్టించుకొని పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఆయన చొక్కా దండెం మీద వేస్తే ఇల్లంతా పచ్చి చేవ వాసన. దానికి పోటీగా అవ్వ ఆముదం వాసన. మా అవ్వకు ఆముదం వండటంలో చుట్టుపక్కల పేరుంది. గింజలు మంగలంలో దోరగా వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి వేరే చట్టిలో పోసి, నీరంతా ఇగిరి చిటపట ఆగేదాకా మళ్ళీ కాచాలి. అందరూ అట్లాగే కాస్తారు. మా అవ్వ మాత్రం చిటపట పూర్తిగా ఆగకముందే చట్టి దించేసేది. "ఎక్కువ కాగితే నల్లబడతాది. పసిబిడ్డ మాడుకు చల్వ చెయ్యదు," అనేది. ఊళ్ళో బాలింత ఉన్న ఇళ్ళకు ఆమె ఆముదమే పోవాలి. ఒకరెవరో గానుగ నూనె బాగుందన్నారని ఆ ఇంటి ముందు నుంచి నడవడమే మానుకున్న మనిషి.

నేను పెద్దమనిషి అయ్యాక బడి మాన్పించారు. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో జరిగేదే, ఎవరినీ తప్పుపట్టి చెప్పడం లేదు. కాని నాకు ఊపిరాడేది కాదు. వాకిలి నుంచి పెరటికి, పెరటి నుంచి వాకిలికి తిరిగేదాన్ని. ఆముదపు కాయలు ఒలవమని అవ్వ చాట ముందు పెడితే పది నిమిషాలు కూర్చుని లేచేదాన్ని. "దీని కాళ్ళకు చక్రాలుండాయి," అని అమ్మ నవ్వేది. అవ్వ నవ్వేది కాదు. "ఆడపిల్ల అంత అల్లాడితే ఎట్టా? యాడికి పోవాల్నో చెప్పు, పంపిస్తాం," అనేది. యాడికి పోవాల్నో నాకూ తెలియదు. తెలిస్తే అంత బాధ ఉండేది కాదేమో.

అట్లాంటి రోజుల్లో చిన్నాయన రంపం తెచ్చాడు. చిన్నాయన అంటే నాయనకు తమ్ముడు. యుద్ధంలో పటాలపు వర్క్‌షాపులో లారీ ఇంజన్లు బాగుచేశాడు. ఏదో బాంబు పక్కన పడి, మనిషి దక్కాడు గాని చెవులు పోయాయి. పిడుగు పడితే తల తిప్పేవాడు, మనిషి పిలిస్తే తిప్పేవాడు కాదు. మన పెదవులు చూసి సగం, మన మొహం చూసి మిగతా సగం అర్థం చేసుకునేవాడు. తెల్లవాళ్ళు వదిలిపెట్టిన పటాలం సామాను మద్రాసులో వేలం వేస్తున్నారని తెలిసి పోయి, లారీ మీద గోనెపట్టాలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి పశువుల కొట్టంలో దించాడు. విప్పితే మనిషి పొడుగు ఇనుప పట్టా, దాని చుట్టూ సైకిలు గొలుసులాంటి గొలుసు, గొలుసుకు రంపం పళ్ళు, ఒక కొసన ఇంజను, రెండో కొసన పిడి. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు. కోతవాళ్ళ మేస్త్రీ మస్తాన్ వచ్చి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బాగానే ఉండాది అయ్యా, దీన్ని మోసేదానికి ఇద్దరు, దీనికి మొక్కేదానికి ఇద్దరు," అన్నాడు.

నాయనకు మొదటి నుంచీ దానిమీద నమ్మకం లేదు. మా కొండమీద నారేపి అనే గట్టి కొయ్య చెట్లుండేవి. ఆ చేవ ముందు గొడ్డలి కూడా ఆలోచించుకునేది. పెరట్లో అట్లాంటి మొద్దు ఒకటి ఏళ్ళ తరబడి ఎండి పడి ఉంది. మిషనును మొదటిసారి దానిమీద పెడితే, గొలుసు ఒక్క పట్టు పట్టి ఆగిపోయింది. ఇంజను దగ్గి చచ్చింది. నాయన చిన్నాయనకు అర్థమయ్యేట్టు మొహంలో మొహం పెట్టి చెప్పాడు. "కూపు తెరిచేలోగా ఇది ఆ మొద్దును కోసిందా, ఉంచుకుందాం. ల్యాకుంటే మద్రాసు పోయే లారీ ఎక్కిస్తా. కొట్టంలో గొడ్లకు చోటు ల్యా." చిన్నాయన తల ఊపాడు. ఆయనకు అది పంతం. నాకు అంతకంటే ఎక్కువ. అప్పటికే ఆ కొట్టంలో నాకొక పని దొరికింది.

అది ఎట్లా దొరికిందంటే, ఇంజనుకు పెట్రోలూ గాలీ ఎంతెంత పాళ్ళలో అందాలో సరిచేసే స్క్రూ ఒకటి ఉంటుంది. అది చెవితో సరిచేయాలి. పెట్రోలు ఎక్కువైతే శబ్దం ముద్దగా, అన్నం కుతకుతలాడినట్టు ఉంటుంది. తక్కువైతే సన్నగా, ఎండిపోయి, కీచుమంటుంది. రెంటికీ నడుమ ఒక చోటు ఉంది, అక్కడ గొంతు నిండుగా పలుకుతుంది. ఆ చోటు చిన్నాయన చేతులకు తెలుసు గాని చెవులకు అందదు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి అదురు చూసేవాడు, దవడ ఆనించి చూసేవాడు, విసుగెత్తి స్పానరు విసిరేసేవాడు. ఒకరోజు గడ్డి వేసేదానికని కొట్టంలోకి పోయిన నేను ఉండబట్టలేక ఆయన ముందు నిలబడి చూపుడువేలు ఇటు తిప్పు అన్నట్టు తిప్పాను. తిప్పాడు. ఇంకా అన్నాను. ఇంకా తిప్పాడు. పిడికిలి బిగించి చూపాను. ఆపాడు. ఇంజను శబ్దం కొట్టమంతా నిండింది. ఎద్దు ఒకటి తలుగు తెంపుకుంది. చిన్నాయన నా మొహం చూసి ఆ శబ్దం ఎట్లా ఉందో తెలుసుకున్నాడు. "రేపు కూడా రా పాపా," అన్నాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఊరంతటికీ వినపడేట్టు అన్నాడు.

ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నది తక్కువ. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. కొట్టం ఇంటి ఆవరణలోదే కదా, గడప దాటినట్టు కాదు. చిన్నాయన సైలెన్సరు డబ్బా విప్పి లోపలి రేకులు కొన్ని తీసేశాడు. పొగ సులువుగా పోతే ఇంజనుకు సత్తువ పెరుగుతుందన్నాడు. పెరిగింది, దాంతోపాటు వీధిలో మాకు తిట్లూ పెరిగాయి. గొలుసు మొద్దులో ఎందుకు ఇరుక్కుంటోందో తేల్చడానికి చిన్నాయనా మస్తానూ ఒక పూటంతా పోట్లాడుకున్నారు. మస్తాన్ అరుస్తాడు, ఈయనకు వినపడదు. ఈయన అరుస్తాడు, అది మస్తాన్ ఒప్పుకోడు. చివరకు తేలింది ఇదీ. ఆ పళ్ళు ఎక్కడో చలిదేశంలో మెత్తటి కొయ్య కోసం అరగదీసినవి. ఒక్కసారికి పెద్ద ముక్క కొరుకుతాయి. నారేపి దగ్గర అంత పెద్ద ముద్ద మింగుడు పడదు. నేను గొలుసు పట్టుకుంటే చిన్నాయన ఆకురాయితో పంటికొక రవ్వ చొప్పున పొట్టి చేశాడు. ఆ ఇనుప రజను నా గోళ్ళలో దిగి, అన్నం కలుపుకుంటే చారు కూడా ఇనుము రుచి వచ్చేది. నాకు అది బాగుండేది.

ఇంతలో మద్రాసు నుంచి తెచ్చిన నూనె అయిపోయింది. ఆ ఇంజనుకు పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి, లేకపోతే లోపల ఎండిపోయి బిగుసుకుంటుంది. ఉదయగిరిలో అట్లాంటి నూనె ఎక్కడుంది? పటాలంలో పందేల మోటారు సైకిళ్ళకు ఆముదం పోసేవాళ్ళని చిన్నాయనకు గుర్తుకొచ్చింది. ఆముదానికి మా ఇంట్లో కరువా? అవ్వను అడిగితే, "మిషనుకా?" అని కాసేపు ఆలోచించి, మురిసిపోయి, జాడీ ఎత్తి ఇచ్చింది. "పిల్లోళ్ళకు పని చేసేది దీనికి చెయ్యదా?" అంది. పెట్రోలూ ఆముదమూ అంత తొందరగా కలవవు. డబ్బాలో పోసి మజ్జిగ చిలికినట్టు నేనే ఊపేదాన్ని. ఆ పొగ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. కొట్టం నుంచి తియ్యగా, కమురుగా, ఎవరో బాలింతకు స్నానం చేయిస్తున్నట్టు వాసన వచ్చేది.

కాని ఇంజను సరిగ్గా నడవడం మానేసింది. నిండుగా పలుకుతూ పలుకుతూ మధ్యలో తడబడేది, తుమ్మేది, ఆగేది. చిన్నాయన స్క్రూ తిప్పాడు, నేను వేలు తిప్పాను, ఏ చోటా కుదరలేదు. ప్లగ్గు విప్పి తుడిచాడు, పెట్రోలు గొట్టం ఊది చూశాడు. కూపు తెరిచే రోజు దగ్గరపడింది. నాయన భోజనాల దగ్గర లారీ ఎప్పుడొస్తుందో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ మిషను పోతే నాకు మళ్ళీ ఆ చాటా, ఆ కాయలూ. పెరట్లో నారేపి మొద్దు చుట్టూ తిరుగుతూ దాన్ని కాలితో తన్నేదాన్ని. వేళ్ళు వాచాయి గాని దానికేం?

ఒక సాయంత్రం అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించింది. ఆ ఆముదపు దీపం మా ఇంట్లో ఎప్పుడూ చిటపటలాడేది. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి దీపమంటే అట్లాగే ఉంటుంది అనుకున్నాం. ఆ రోజు మాత్రం ఆ తడబాటు, ఆ తుమ్ము, ఎక్కడో విన్నాను అనిపించింది. పొద్దుటి నుంచి కొట్టంలో విన్నదే అది. అవ్వ ఆముదంలో నీళ్ళున్నాయి. చిటపట ఆగకముందే దించిన చట్టి. పసిబిడ్డ మాడుకు పనికొచ్చే ఆ తడి ఇంజనుకు పనికిరాదు. నేను దీపం ముందే నవ్వాను. తర్వాత భయం వేసింది. ఈ మాట అవ్వకు చెప్పేదెవరు?

ఎవరూ చెప్పలేదు. మర్నాడు అవ్వ పొలానికి పోయిన తర్వాత జాడీలో ఆముదం చట్టిలో పోసి పెరటి పొయ్యి మీద పెట్టాను. చిటపటమంది. అది చప్పుడు లేకుండా పోయేదాకా, నూనె ఎర్రబడేదాకా కాచాను. దించుతుండగా వెనక అవ్వ. కొడవలి మరిచిపోయి తిరిగొచ్చిందట. చట్టిలోకి చూసింది, నన్ను చూసింది. "నేను వండింది సరిపోలేదా నీకు?" అంది. నేను అంతా చెప్పాను, దీపం సంగతి కూడా. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. "అరవై ఏండ్లుగా పచ్చి నూనె వండతా ఉండానన్నమాట. చానా సంతోషం," అని కొడవలి తీసుకొని పోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నాకు చెప్పాల్సింది కూడా అమ్మకు చెప్పేది, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే.

కాచిన ఆముదంతో ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. నాయన మంచం మీద కూర్చుని చూస్తుండగా చిన్నాయనా మస్తానూ చెరో కొసా పట్టుకున్నారు. నేను కొట్టం వాకిట్లో నిలబడి వేలు తిప్పాను, పిడికిలి బిగించాను. గొలుసు మొద్దులో దిగింది. ఎర్రటి పొట్టు చిమ్మి నాయన పంచె మీద పడింది. మొద్దు రెండుగా విడిపోయేసరికి నాయన లేచి నిలబడి ఉన్నాడు. మొద్దు కోసిన వైపు అరచెయ్యి పెట్టి చూశాడు, ఇంకా వేడిగా ఉందని చెయ్యి తీశాడు. చిన్నాయన ఇంజను ఆపకుండానే చిన్న ఆకురాయి తీసుకొని నావైపు చూశాడు. "ఇదేనా చోటు?" అన్నాడు. ఇదే అన్నాను. స్క్రూ తల మీదా, పక్కన ఇనుము మీదా ఒకే గీత పడేట్టు గాటు పెట్టాడు. నేను పొంగిపోయాను. నా చెవి మాటను ఇనుము మీద రాసుకున్నారని అనిపించింది. ఆ గాటు ఎందుకో నాకు బండి కట్టేదాకా తెలియలేదు.

రెండు గీతలూ కలిపితే చాలు, ఇక ఎవరి చెవీ అక్కర్లేదు. మిషను బండెక్కింది. నేను వాకిట్లో నిలబడి, "నేనూ వస్తా నాయనా," అన్నాను. "కొండకా?" అన్నాడు నాయన, కొత్త మాట విన్నట్టు. "మొగోళ్ళు కోసే చోట నీకేం పని?" చిన్నాయన వైపు చూశాను. నా వేలి కదలిక కూడా కనిపెట్టే మనిషి ఎద్దుల పలుపులు సరిచేస్తూ ఉండిపోయాడు. పాడైపోతే మద్రాసు పోతుందని ఏడ్చాను, బాగైతే కొండకు పోతుందని నాకు తట్టలేదు. ఎటైనా ఇంట్లో మిగిలేది నేనే.

ఇప్పుడు ఆత్మకూరు రోడ్డు మీద ఆడపిల్లలు స్కూటర్ల మీద సీతారామపురం దాకా ఒంటరిగా పోయి వస్తున్నారు. ఉద్యోగాలు చేస్తున్నారు. చూస్తే కళ్ళు చల్లబడతాయి, కుళ్ళు కూడా పుడుతుంది, అబద్ధం ఎందుకు? మిషన్లు ఒంటిచేత్తో పట్టేవి వచ్చాయి. వాటికి ఆముదం అక్కర్లేదు, కొన్నిటికి స్క్రూ తిప్పే పని కూడా లేదట, అవే సరిచేసుకుంటాయట. మంచిదే. కొండమీద నారేపి మాత్రం మునుపటిలా లేదు. బస్సులో పోతూ చూస్తే రాళ్ళ మధ్య ముళ్ళ కంపలు. మా నాయనలాంటి వాళ్ళందరూ కలిసి కొట్టిందే అది. ఆ చేవ వాసనకు మురిసిన నేను ఇప్పుడు ఎండకు గొణుక్కుంటూ కిటికీ మూస్తాను. ఆ రోజులు మేలా, ఈ రోజులు మేలా అని అడుగుతారు పిల్లలు. నాకు తేల్చడం చేతకాదు. నేను ఏ రోజుల్లోనూ కుదురుగా కూర్చోలేదు.

ఆ ఏడు కూపు మా పెరటికి ఎదురుగా, కొండ మొదట్లోనే. గాలి పడమటి నుంచి వీస్తే రంపం శబ్దం పెరట్లోకి వచ్చేది. చాట ముందు పెట్టుకొని అదే వినేదాన్ని. మొదట నిండుగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ గొంతు సన్నబడటం తెలిసింది. ఆముదం జిగట పెట్రోలు దిగే రంధ్రంలో పట్టి ఉంటుంది. గీతలు కలిసే ఉంటాయి, పెట్రోలు మాత్రం చాలదు. కీచుమనడం మొదలైంది. సాయంత్రం నాయన కాళ్ళు కడుక్కొని కూర్చోగానే చెప్పాను. "మిషను ఎండిపోతా ఉండాది నాయనా. స్క్రూ కాస్త వదులు చెయ్యమను చిన్నాయన్ను." నాయన ముద్ద కలుపుతూ, "ఇంట్లో కూచోని కొండమీద సంగతి చెప్తా ఉండావా? గీత గీసుకున్నాడు కదా మీ చిన్నాయన," అన్నాడు. మర్నాడు మళ్ళీ చెప్పాను. ఆయన అమ్మవైపు చూసి మజ్జిగ పోయమన్నాడు. చిన్నాయన కొండమీదే గుడిసెలో పడుకునేవాడు. నా మాట పోవాలంటే నాయన నోటనే పోవాలి.

ఒక మధ్యాహ్నం ఆ కీచు మరీ పెరిగి, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆపితే ఆగే తీరు కాదది. ఊళ్ళో ఎవరికీ తెలియకముందే నాకు తెలిసింది. చాట పక్కకు తోసి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. సాయంత్రం బండి వచ్చింది. మిషను గోనెపట్టాలో ఉంది. పిస్టన్ బిగుసుకుపోయింది. చిన్నాయన బండి దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "గీత మీదే ఉండాది పాపా. నేను కదిలించలా. శబ్దం మారిందా? నీకేమన్నా వినపడిందా?" అన్నాడు. నాయన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కొని వచ్చి వెనకే నిలబడ్డాడు. నేను వేలు ఎత్తలేదు, పిడికిలి బిగించలేదు. పెదవులు బాగా కనపడేట్టు, "నాయన్ను అడుగు," అన్నాను. చిన్నాయన నాయన వైపు తిరిగాడు. నాయన తల దించుకొని తొట్టి దగ్గరికి పోయి, కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు.

మద్రాసు పాత ఇనుప అంగళ్ళలో వెతికి చిన్నాయన ఇంకో పిస్టన్ తెచ్చి బిగించాడు. కొట్టంలో నేనే స్క్రూ చోటు చూపించాను. ఈసారి ఆయన ఆకురాయి తియ్యలేదు. మిషను మళ్ళీ బండెక్కిన పొద్దున నేను అడగలేదు. అడిగి కాదనిపించుకోవడం ఇష్టం లేక స్తంభానికి ఆనుకొని నిలబడ్డాను. నాయన ఎద్దుల మెడలు నిమురుతూ, నా వైపు చూడకుండానే, "చెప్పులేసుకోమ్మా. కొండమీద ముళ్ళుంటాయి," అన్నాడు.

నాకు చెప్పులు లేవు. ఇంట్లో ఉండే పిల్లకు ఎందుకని ఎవరూ కుట్టించలేదు. నా కాళ్ళవైపు చూసుకున్నాను. గడపలో నిలబడ్డ అవ్వ తన తోలు చెప్పులు విడిచి, మాట్లాడకుండా, కాలితో నా ముందుకు తోసింది. అవి నాకు బాగా పెద్దవి. ఊడిపోకుండా వేళ్ళు బిగబట్టుకొని నడిచి, బండెక్కాను.